పాత దుప్పట్లు

నా చేతిరాత తిరిగినన్ని ఊళ్ళు నేను తిరగలేదు. రాజోలు, రాయచోటి, కేరళలో నాకు నోరు తిరగని పేర్లున్న ఊళ్ళు, బంగ్లాదేశ్‌లో పడవెక్కితే తప్ప చేరలేని ఊళ్ళు. కువైట్‌లో, షువైఖ్ అనే పేటలో ఒక కార్గో షాపులో పెట్టెలు కట్టడం నా పని. పదిహేడేళ్ళుగా అదే పని. జనం తెచ్చిన సామాను అట్టపెట్టెలో సర్ది, టేపు చుట్టి, పైన గుడ్డ కుట్టి, నల్ల మార్కరుతో అడ్రసు రాసేవాణ్ణి. అడ్రసు కింద ఇంకో వరస రాసేవాణ్ణి, లోపల ఏముందో.

ఆ రెండో వరసలో నేను నిజం రాసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లోపల టీవీ ఉన్నా, మిక్సీ ఉన్నా, సెంటు సీసాలున్నా నేను రాసేది ఒకటే. పాత దుప్పట్లు, పాత బట్టలు, పాలపొడి. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, అచ్చు వేసినట్టు రాసేవాణ్ణి. పూర్తి అబద్ధం అని కూడా అనలేం, ఎందుకంటే దుప్పట్లు నిజంగానే ఉంటాయి. విలువైన వస్తువుని దుప్పట్లో చుట్టి నడిమధ్యన పెడతాం. దెబ్బ తగలదు, కంటపడదు. నాకు పని నేర్పిన పెద్దాయనది కూడా మా కోనసీమే. టీవీ అని రాస్తే కస్టమ్స్‌వాడు పెట్టె విప్పుతాడు, దుప్పట్లు అని రాస్తే ఆవలిస్తాడు అని మొదటిరోజే చెప్పాడు. ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టింది. నా పెట్టె ఒక్కటి కూడా పట్టుబడలేదని చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఈ పనిలో నా అంత మొనగాడు షువైఖ్‌లోనే లేడని నా నమ్మకం.

మా షాపున్న గోడౌన్ల వరసకి ఒకటే గేటు. గేటు పక్కన ప్లాస్టిక్ గది, అందులో సెక్యూరిటీ గార్డు. గార్డులు మారుతూ ఉంటారు, మేం పట్టించుకోం. వాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా వాళ్ళే. మా రూములో వాళ్ళని ఒక మాటతో పిలిచేవాళ్ళం. ఆ మాట ఇక్కడ రాయను. మేమేదో పాలమీగడ రంగులో ఉన్నట్టు ఆ మాట అని నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వాను. అది ఒప్పుకోకుండా మిగతాది చెప్పడం బాగుండదు.

ఇప్పుడు చెప్పబోయే మనిషిది తూర్పు ఆఫ్రికాలో సముద్రం లేని ఒక దేశం. ఆ దేశం పేరు రాయను. పొడుగు మనిషి. కంపెనీ ఇచ్చిన యూనిఫాం చేతులు మణికట్టుకి బెత్తెడు పైనే ఆగిపోయేవి. వచ్చిన కొత్తలో మా షాపులో కాటా పాడైంది. అతను సాయంత్రం డ్యూటీ దిగి, అడగకుండానే వచ్చి, ఒక చిన్న స్క్రూడ్రైవరుతో విప్పి అరగంటలో బాగుచేశాడు. దానితో పాటు ఇంకోటి కూడా బాగుచేశాడు. ఎన్నో ఏళ్ళుగా మా కాటా ప్రతి పెట్టెకీ అర కిలో ఎక్కువ చూపించేది, అదెలాగో మాకు తెలుసు. ఇప్పుడు సరిగ్గా చూపిస్తుంది అని సంతోషంగా చెప్పి వెళ్ళాడు. మా ముదీర్, అంటే షాపు చూసుకునే మేనేజరు, రెండురోజులు నామీద ఎగిరాడు. ఆ రోజునుంచి నేను అతన్ని ఇంజనీరు గారూ అని పిలవడం మొదలుపెట్టాను, ఎగతాళికి.

మా ఇద్దరికీ మధ్య భాష అంటే గల్ఫ్ హిందీ, విరిగిన ఇంగ్లీషు, నాలుగు అరబ్బీ ముక్కలు. అతను నన్ను సదీక్ అనేవాడు, అంటే స్నేహితుడా అని. ఇక్కడ అందరూ అందరినీ అంటారు. అతను అంటే మాత్రం ఆ మాటకి అర్థం ఉన్నట్టనిపించేది. నాతోపాటు షాపులో పికప్ నడిపే ఒక కడప తమ్ముడు ఉన్నాడు. గేటు దగ్గర ఎక్కువసేపు ఆగేది అతనే కాబట్టి అసలు సంగతి ముందు అతనికే తెలిసింది.

"అన్నా, ఆయప్ప నిజంగానే ఇంజనీరంట" అన్నాడొకరోజు. "వాళ్ళ దేశంలో పాలిటెక్నిక్‌లో పాఠాలు సెప్పేవాడంట. నువ్వేమో ఎప్పుడు సూసినా ఎగతాళి సేస్తాంటావు."

నాకు తల కొట్టేసినట్టయింది. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు కరెంటు పాఠాలు చెప్పినవాడు టెక్నీషియన్ ఉద్యోగమని ఏజెంటు చెప్తే విమానం ఎక్కి వచ్చాడు. దిగాక ఇఖామా మీద, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు మీద, గార్డు అని పడింది. ఇక్కడ ఇఖామా మీద ఏం పడితే మనిషి అదే. ఖలాస్. ఎవరితో వాదిస్తావు? నేను అతన్ని ఇంజనీరు గారూ అనడం మానలేదు, కానీ ఆ పిలుపులోంచి ఎగతాళి పోయింది.

అతని భార్య వాళ్ళ దేశంలో, కొండల్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. అక్కడ గాలిలోంచి ఆక్సిజన్ తీసే మెషిన్ ఒక్కటే ఉంది. పుట్టగానే ఊపిరి అందని పిల్లలకి, నిమ్ము చేసిన పిల్లలకి అదే దిక్కు. వానల్లో కరెంటు పోతుంది. పోవడం కాదు అసలు కష్టం, రావడం అని చెప్పాడు. వచ్చేటప్పుడు ఎగిరెగిరి వస్తుంది, ఆ దెబ్బకి మెషిన్ బోర్డు కాలిపోతుంది. అప్పటికి రెండుసార్లు కాలింది. బాగుచేయడానికి రాజధాని నుంచి మనిషి రావాలి, అది నెలల మాట. ఆ నెలల్లో ఎంతమంది పోయారని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

అతను చేయాలనుకున్నది ఒక చిన్న పెట్టె. కరెంటుకీ మెషిన్‌కీ మధ్య ఉంటుంది. కరెంటు పోగానే బ్యాటరీ మీద నడిపిస్తుంది. కరెంటు తిరిగొస్తే వెంటనే నమ్మదు. మూడు నిమిషాలు కాపు కాసి, నిలకడగా ఉందని చూసి, అప్పుడు లోపలికి వదులుతుంది. "నా ఉద్యోగమే దానికీ ఇచ్చాను" అన్నాడు గేటు కడ్డీ చూపించి. అతను జోకు వేయడం నేను విన్నది ఆ ఒక్కసారే.

సామానుకి షువైఖ్‌లో కొదవ లేదు. గ్యారేజీలవాళ్ళు పారేసిన ఏసీ బోర్డులు, ఆఫీసులవాళ్ళు పారేసిన బ్యాటరీలు కడప తమ్ముడు పికప్‌లో ఏరుకొచ్చేవాడు. నిజమైన ఇబ్బంది ఇంకోటి. ఇక్కడ కరెంటు కుదురైంది, అతనికి కావలసింది చెడ్డ కరెంటు. దానికీ దారి దొరికింది. మా పక్కన వెల్డింగ్ షాపు ఉంది. వాళ్ళు పెద్ద మెషిన్ ఆన్ చేసినప్పుడల్లా గేటు గదిలో, మా షాపులో బల్బులు మినుకుమినుకుమనేవి. మేం వాళ్ళని బూతులు తిట్టుకునేవాళ్ళం. అతను మాత్రం ముఖం వెలిగిపోయి, మీటరు గుచ్చి, నోటుబుక్కులో కరెంటు ఎంత పడిందో, ఎంతసేపటికి లేచిందో రాసుకునేవాడు. నాలుగు నోటుబుక్కులు నిండాయి. ప్రతి పేజీ కింద గీత గీసి, అంకె తప్పు పడితే చెరపకుండా కొట్టివేసి, పక్కన సరైనది రాసేవాడు. తప్పు కూడా కనబడాలి కదా అనేవాడు.

కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చి గదిలో సోల్డరింగ్ సామాను చూస్తే జీతం కోస్తాడు, ఇంకా కోపమొస్తే ఇంటికి పంపేస్తాడు. అందుకని సామానంతా మా షాపులో దుప్పట్ల రాక్ వెనక దాచాం. శుక్రవారాలు మధ్యాహ్నం నమాజయ్యాక షాపు తలుపు సగం దించుకుని ముగ్గురం కూర్చునేవాళ్ళం. అతను అతికేవాడు, తమ్ముడు వైర్లు వలిచేవాడు, నేను టీ పెట్టి ఉచిత సలహాలిచ్చేవాణ్ణి. కువైట్‌లో నేను సుఖంగా గడిపిన మధ్యాహ్నాలు అవే.

ఒక చలికాలం మొదట్లో వాళ్ళ ఎంబసీ వాళ్ళు ఒక హోటల్లో మీటింగు పెట్టారు. విదేశాల్లో ఉన్న తమ మేధావులు దేశంలో సైన్సు, టెక్నాలజీ పెంచడానికి ముందుకు రావాలని, మంచి పని చూపించినవాళ్ళకి అక్కడి యూనివర్సిటీ ల్యాబులో చోటిస్తామని కబురు. అతను వారం రోజులు తిండి సరిగ్గా తినలేదు. నా కోటు ఇచ్చాను. దాని చేతులు కూడా అతనికి పొట్టే. తమ్ముడు పికప్‌లో దింపాడు, నేనూ తోడెళ్ళాను.

ముందు వరసల్లో ఆయిల్ కంపెనీల ఇంజనీర్లు, డాక్టర్లు. వెనక గోడ వారన గార్డులు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఫొటోలో జనం నిండుగా కనబడాలి కదా. మా తెలుగువాళ్ళ మీటింగుల్లోనూ ఇదే వరస, చూసి చూసి నాకు అలవాటే. ఒక ఆఫీసరు మైకులో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ఫారాలు పంచారు. అందులో ప్రస్తుత ఉద్యోగం అని ఒక గడి ఉంది. నేను అతని చెవిలో టెక్నీషియన్ అని రాయమన్నాను. ఇఖామా ఎవడు అడుగుతాడిక్కడ అన్నాను. అతను సెక్యూరిటీ గార్డు అని రాశాడు.

"మొదటి కాయితంలోనే అబద్ధం రాస్తే, తర్వాత నా కొలతల్ని ఎవరు నమ్ముతారు సదీక్?" అన్నాడు.

ఆఫీసరు ఆ ఫారం చూసి, చూడనట్టే పక్కన ఇంకో దొంతరలో పెట్టాడు. ఆ దొంతర ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పదిహేడేళ్ళుగా కాయితాలు చూస్తున్నాను. అయితే ఆఫీసరు పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, అక్కడి యూనివర్సిటీ ప్రొఫెసరు. జుట్టు పొట్టిగా, నెరిసి ఉంది. ఆవిడ చెయ్యి చాపి ఆ ఫారం తీసుకుంది. గార్డుకి ప్రాజెక్టేమిటి అని పిలిచింది. అతను నోటుబుక్కులు ముందు పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కొట్టివేతలతో సహా పేజీ పేజీ చూసింది. ఎక్కడ కొలిచావంది. గేటు దగ్గర, పక్కన వెల్డింగ్ షాపు ఉంది అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మూడు పెట్టెలు పంపమంది. ల్యాబులో పరీక్షకి నిలిస్తే వానలకి ముందే మూడు ఆసుపత్రుల్లో పెడతామంది, మొదటిది అతని భార్య పనిచేసే చోటే. పెట్టెలు నిలిస్తే నువ్వు గేటు దగ్గర ఉండక్కర్లేదంది.

వారానికి ఆవిడ సంతకం, ముద్ర ఉన్న ఉత్తరం వచ్చింది. పరిశోధన కోసం వస్తున్న వైద్య పరికరాలు, అమ్మకానికి కాదు, లోపల బ్యాటరీలు ఉన్నాయి, పూచీ నాది అని రాసి ఉంది. దాన్ని కవర్లో పెట్టి పెట్టె పైన అంటించమని చెప్పింది.

మూడు డబ్బాలూ తయారయ్యాక పెట్టె కట్టింది నేను. ఇంకెవరిచేతా ముట్టనివ్వలేదు. మూడింటినీ మూడు దళసరి దుప్పట్లలో చుట్టాను, కింద ఒకటి పరిచాను, పైన ఒకటి కప్పాను. అతను కవరు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ కవరు తీసుకుని, అట్టడుగు దుప్పటి కిందకి తోసేశాను. తమ్ముడికి అనుమానం వచ్చింది.

"అన్నా, ఆయమ్మ పైన అతికించమనింది గదా" అన్నాడు.

"ఒరేయ్, పెట్టెలు కట్టడం నాకు నేర్పక్కర్లేదెహె" అన్నాను. "ఆ కాయితం పైన అంటించామంటే కస్టమ్సోడికి శుభలేఖ ఇచ్చినట్టే. బ్యాటరీలంట, మెషిన్లంట, ఆడు ఊరుకుంటాడేంటి? లోపలుంటే అందినోళ్ళే చదువుకుంటారు."

మార్కరు తీసి, అడ్రసు రాసి, కింద రెండో వరస రాశాను. పాత దుప్పట్లు, పాత బట్టలు. పాలపొడి రాయలేదు. అంతమాత్రం నిజాయితీ చూపించాను. అతను ఆ అక్షరాలు చదివాడు. లోపల ఉన్నది కదా రాయాలి అని మెల్లగా అడిగాడు. నేను నవ్వి, నీ పెట్టెలో కరెంటు సంగతి నేను చెప్పానా అన్నాను.

"నిజమే. నీ పని నీకు తెలుసు" అన్నాడు.

నా పని నాకు తెలిసింది ఇండియా దారి వరకే. ఆఫ్రికా దారిలో నేను అప్పటిదాకా పంపినవి నిజంగానే పాత బట్టలు, పాత బూట్లు. ఆ తేడా ఆ రోజు నా బుర్రకి తట్టలేదు. తట్టనివ్వలేదేమో. గొప్ప ఇంజనీరు నా చేతిలో తన పని పెట్టి నిలబడ్డాడు కదా, కళ్ళు నెత్తికెక్కాయి. నాకూ ఒక విద్య ఉందని చూపించుకోవాలనిపించింది. నా దగ్గరున్న విద్య అది.

ఓడలో వెళ్ళి, లారీ ఎక్కి, పెట్టె అక్కడికి చేరడానికి రెండు నెలలు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం అతను గేటు వదిలేసి మా షాపుకి వచ్చాడు. డ్యూటీలో గేటు వదలడం అతను ఎన్నడూ చేయని పని. ఫోను నా చేతికిచ్చాడు. ఫొటోలో వాళ్ళ దేశపు కస్టమ్స్ ఆఫీసు బల్ల మీద మా పెట్టె. గుడ్డ కోసేశారు. దుప్పట్లు పక్కకి లాగేసి ఉన్నాయి. మధ్యలో వైర్లు, బ్యాటరీలు, బోర్డులు ఉన్న మూడు డబ్బాలు. పైన నా అక్షరాలు, అచ్చు వేసినట్టు. దుప్పట్లు అని రాసిన పెట్టెలో వైర్లు చుట్టిన డబ్బాలు కనబడితే ఏ దేశంలోనైనా ఏమనుకుంటారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రొఫెసరమ్మ ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఉత్తరం ఇచ్చాను కదా అంది. పెట్టె మీద ఏ ఉత్తరమూ లేదన్నారు. దాచి పంపినవాటికి నువ్వు పూచీ ఎలా పడ్డావని ఆవిడనే కమిటీ ముందు నిలబెట్టారు. డబ్బాలు పరీక్ష కోసమని ఎక్కడికో తీసుకుపోయారు. ఆ తర్వాత వాటి జాడ తెలియలేదు. ఉత్తరం అడుగునుందని, ఇంకోసారి చూడమని అతను ఇక్కడినుంచి ఫోన్లు చేసి చెప్పాడు. గార్డు మాట ఎవరు వింటారు? నెల తిరక్కుండా ఎంపికైనవాళ్ళ జాబితా వచ్చింది. అందరూ ముందు వరసలవాళ్ళే. ప్రొఫెసరమ్మ అతనికి రాసిన చివరి ఉత్తరంలో, నీ నోటుబుక్కుల మీద నాకు అనుమానం లేదు, కానీ ఇక నేను నీ తరఫున మాట్లాడితే ఎవరూ వినరు అని రాసింది.

నేను అతనికి క్షమాపణ చెప్పడానికి మూడురోజులు పట్టింది. ఆ మూడురోజులూ గేటు వైపు పోకుండా వెనక సందులోంచి నడిచాను. అంతటి పిరికివాణ్ణి. చివరికి వెళ్ళి, తప్పు నాది, అంతా నేనే చేశాను అన్నాను. అతను కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టాడు.

"నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు. "అది అబద్ధమని తెలుసు. ఆపలేదు. త్వరగా చేరితే చాలనుకున్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. నా తప్పులో సగం అతను తీసుకున్నాడు. అది నాకు ఈరోజుకీ మింగుడుపడదు.

అక్కడ వానలు మొదలయ్యాయి. అతను ఫోనులో వాళ్ళ ఊరి వాతావరణం చూడటం, అందులో మబ్బు బొమ్మ ఉంటే డ్యూటీ అంతా నిలబడే ఉండటం నేను దూరంనుంచి చూసేవాణ్ణి. మళ్ళీ చేద్దాం, ఇంకో మూడు చేద్దాం అని తమ్ముడు స్క్రాపు తెచ్చి పెట్టాడు. అతను దాన్ని ముట్టుకోలేదు. ఎవరికి పంపాలి అన్నాడు.

ఒకరోజు టీ తీసుకెళ్ళాను. అతను తాగకుండా, గేటు వైపు చూస్తూ చెప్పుకుపోయాడు. ముందురోజు మధ్యాహ్నం అక్కడ గాలివాన. ఆసుపత్రిలో ఆ తెల్లవారుజామునే పుట్టిన ఒక ఆడపిల్లకి మెషిన్ పెట్టి ఉంది. కరెంటు పోయింది. పావుగంటకి వచ్చింది. ఎగిరి వచ్చింది. మెషిన్‌లోంచి కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. అతని భార్య రబ్బరు సంచీ నొక్కుతూ చేత్తో ఊపిరి ఊదింది. జిల్లా ఆసుపత్రి బండి బురదలో దిగబడింది. సాయంత్రం దాకా నొక్కింది. ఆవిడ వేళ్ళు ముడుచుకుపోయి, తర్వాత చాలాసేపు తెరుచుకోలేదట. పిల్లకి ఇంకా పేరు పెట్టలేదట.

"మూడు నిమిషాలు సదీక్" అన్నాడు. "మూడు నిమిషాలు ఆగి ఇచ్చేది ఆ డబ్బా. అంతే."

నేను ఏడ్చాను. యాభై దాటిన మనిషిని, గేటు దగ్గర లారీలవాళ్ళు చూస్తుండగా ఏడ్చాను. అతను ఏడవలేదు. డబ్బా చేరి ఉంటే పిల్ల బతికేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు, నాకు తెలుసు. ల్యాబులో అది నిలిచేదో లేదో కూడా తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది మాత్రం నేను. ఈ మాట మా రూములో చెప్తే, నువ్వేం చేస్తావురా, అందరం రాసేదే కదా అన్నారు. ఓదార్పుకే అన్నారు. నాకు నామీద అసహ్యం ఇంకాస్త పెరిగింది.

ఆ వారం నుంచి రెండో వరసలో లోపల ఉన్నదే రాయడం మొదలుపెట్టాను. టీవీ అయితే టీవీ. జనం ఊరుకోలేదు. నీకేమైనా పిచ్చా అని పెట్టెలెత్తుకుని పక్క షాపుకి పోయారు. ముదీర్ నా చేతిలోంచి మార్కరు లాక్కుని తమ్ముడికిచ్చాడు. అప్పటినుంచి నేను గుడ్డ కుడతాను, తమ్ముడు రాస్తాడు. ఏం రాస్తాడో నేను చూడను.

తిరిగి చలికాలం వచ్చింది. జనవరిలో షువైఖ్‌లో గాలి ఎముకల్లోకి దిగుతుంది. ఒక ఉదయం ఓడ ఏజెంటు మనుషులు తిరుగుటపా పెట్టెలు దింపారు. అడ్రసు దొరకనివి, ఎవరూ తీసుకోనివి అప్పుడప్పుడు అలా వెనక్కి వస్తాయి. వాటిలో ఒకదాని మీద నా అక్షరాలు. చెమ్మకి అట్ట ఉబ్బింది, మూతని తాడుతో కట్టారు, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

తమ్ముడు గేటుకి పోయి అతన్ని పిలుచుకొచ్చాడు. తాడు నేనే కోశాను. ఒక్కో దుప్పటి తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మధ్యలో డబ్బాలు లేవు. పెట్టెలో ఇప్పుడు నేను రాసినవే ఉన్నాయి. అయిదోది అడుగుది. దాన్ని ఎవరూ కదిపినట్టు లేదు, నేను పరిచిన మడత అలాగే ఉంది. అది ఎత్తితే కింద తెల్లకవరు. అంటించింది అంటించినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు.

ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం. అతను ఆ కవరు తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, విప్పకుండానే యూనిఫాం జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీద దుప్పట్లని ఒకసారి చేత్తో తడిమాడు.

"ఒకటి తీసుకోనా?" అని అడిగాడు. "గదిలో హీటరు లేదు."

తీసుకోమని తల ఊపాను. అతను దుప్పటి భుజం మీద వేసుకున్నాడు. అప్పటికే గేటు అవతల ఒక లారీ హారన్ కొడుతోంది. అతను వెళ్ళి కడ్డీ ఎత్తాడు, లారీ లోపలికి వచ్చింది, మళ్ళీ కడ్డీ దించాడు.